సూత్రంలో వయసు

తాడు పట్టి ఇరవై మీటర్లు కొలిచాను.
అటొక సున్నం గీత, ఇటొక సున్నం గీత.
రాత్రి వానకి అంబాజీపేట స్కూలు గ్రౌండు
ఇంకా మెత్తగానే ఉంది.
స్పీకరు కుయ్ మంటే అటు,
మళ్ళీ కుయ్ మంటే ఇటు.
నిమిషానికోసారి కూతల మధ్య జాగా తగ్గుతుంది.
అంతే పరీక్ష.

తొమ్మిదో క్లాసు ఒక్కొక్కరే రాలిపోయారు.
లోవకుమారి ఏడో లెవెల్ దాకా లాగి
మోకాళ్ళ మీద చేతులేసుకుంది:
"ఊపిరెక్కడో పడిపోయింది మేస్టారండీ!"

క్యారేజీ తెచ్చిన వాళ్ళమ్మ
గీత పక్కనే నిలబడి చూస్తోంది.
"పెద్దోళ్ళు పరిగెట్టకూడదేంటండీ?"

పళ్ళాలమ్మ. పీచు మిల్లులో పని.
చెప్పులు విప్పి, కుచ్చిళ్ళు ఎగదోపి
రెండో రౌండుకే కనిపెట్టేసింది,
ముందెళ్ళినా లాభం లేదని,
కూతకి సరిగ్గా అందితే చాలని.
నాలుగో లెవెల్ చివర ఆగింది,
జుట్టు నిండా పీచు నూగు.

"నలభయ్యారండి, రాసుకోండి."
"అక్కర్లేదమ్మా. పద్దెనిమిది దాటితే
ఎవరికైనా ఈ లెక్కలో పద్దెనిమిదే."

ముప్పై రెండున్నర వచ్చింది.
కిలో ఒంటికి, నిమిషానికి,
ఇన్ని మిల్లీలీటర్ల ప్రాణవాయువని చెప్పబోయాను.
అంచనాయే, కాస్త అటూ ఇటూ అని కూడా.
ఆవిడ వింటేనా!
"ఏమే, నీకంటే నాలుగేళ్ళే పెద్దంట నేను!"
నవ్వుకి ఆయాసం అడ్డొచ్చింది.

కాలవ అవతల మిల్లు సైరను కూసింది.
చెప్పులు చేత్తో పట్టుకునే
వంతెన మీదుగా పరుగు.

అది ఐదో లెవెల్ వేగం.
నేను రాసుకోలేదు.