హోల్డాన్

మినర్వా, టౌన్‌హాల్, కార్పొరేషన్, మైసూర్ బ్యాంక్.
పంతొమ్మిదేళ్ళు ఈ నాలుగు పేర్లనూ
రోజుకు ఎనిమిది సార్లు
కన్నడంలో కేకేసి, తెలుగులో అలసిపోయాను.

ఉగాది ముందర గొంతు పట్టేసింది.
దుమ్ము, అన్నాను.
మెట్రో పనుల దుమ్ము, డిపో నీళ్ళు.
నాగరత్న మిరియాల కషాయం కాచింది.
జేబులో చిల్లరతో పాటు దగ్గు బిళ్ళలు గలగలలాడాయి.
ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య బీడీ మాత్రం
ఎప్పటిలాగే,
డ్రైవరు గంగులప్ప అగ్గిపెట్టెతో.

నొప్పి లేదు. జ్వరం లేదు. ముద్ద దిగుతోంది.
నొప్పి లేనిదాన్ని రోగమని ఎవరంటారు?

రోజూ ఎక్కే దొరస్వామికి చూపు లేదు.
అగరొత్తుల సంచి, మడిచే కర్ర.
మినర్వా దగ్గర నా కేకను బట్టి
ఫుట్‌బోర్డు ఎంత దూరమో కొలుచుకునేవాడు.
ఆ రోజు బస్సు ఆగింది, పిలిచాను,
అతను కదల్లేదు.
మళ్ళీ పిలిచాను.
తడుముకుంటూ ఎక్కి, డబ్బులు చాపి అడిగాడు:
"కొత్తగా వచ్చారా అన్నా?
పాతాయన సెలవా?"

టికెట్ చింపే చెయ్యి ఆగిపోయింది,
లోపలెవరో హోల్డాన్ అన్నట్టు.
వేళ్ళు మడిచి లెక్కేశాను.
ఏడు వారాలు.

విక్టోరియాలో డాక్టరమ్మ తిట్టలేదు.
"మూడు వారాలు దాటిన బొంగురు
కషాయానికి చెందదు, మాకు చెందుతుంది" అంది.
కొసన దీపమున్న సన్నటి తీగ
ముక్కులోంచి దించి
తెర మీద నాకు నన్నే చూపించింది.

రెండు తెల్లటి రెక్కలు,
మా బస్సు తలుపుల్లాగే
తెరుచుకుంటూ, మూసుకుంటూ.
ఎడమ రెక్క అంచున
నూకగింజంత ఏదో అడ్డం.
"ఈ... అనండి."
తలుపు పూర్తిగా పడలేదు.

మత్తిచ్చి, ముక్క తీసి పరీక్షకి పంపారు.
పది రోజులట.
"ఏదైనా కానీ, ఇంకా గింజే కదా" అంది,
"పంటయ్యాక వచ్చేవాళ్ళని రోజూ చూస్తున్నాను."

మాట్లాడొద్దన్నారు గనక
ఇప్పుడు విజిల్‌తో నడుపుతున్నాను బస్సు.
గంగులప్ప అగ్గిపుల్లలు మోరీలో పోశాను.
ఒక రోజంతా నా మొహం చూడలేదు.
అతని దగ్గునీ లెక్కపెడుతున్నాను:
ఇవాళ్టికి పదహారో రోజు.

మినర్వాలో దిగి దొరస్వామి మోచెయ్యి పట్టుకున్నాను.
అరచేతిలో చిల్లర
రూపాయి మీద రూపాయి పేర్చే నా పద్ధతిని
వేళ్ళతో గుర్తుపట్టాడు.
"ఓ, మీరేనా!"
ఏమైందని అడగలేదు.
అగరొత్తుల కట్టొకటి నా సంచిలో వేసి
బస్సంతా వినపడేలా
తనే అరిచాడు,
రైట్, రైట్.