కొలతల పుస్తకం, చివరి పేజీ

రేపు పొద్దున తొమ్మిదికి మొదటి విజిల్.
రాష్ట్రంలోని హైస్కూలు పొడుగుకాళ్ళన్నీ ఊళ్ళో దిగాయి.
నా మిషన్ పక్కన ఇంకా పదిహేను అంచులు మిగిలాయి.
పెరియమేట్‌లో వాన. అచ్చేసిన అంకెలు ఆరక
ఫ్యాను కింద తాడు మీద ఊగుతున్నాయి:
నాలుగు, ఏడు, పద్నాలుగు.
ఒళ్ళు లేని జట్టొకటి
నా తల మీద ప్రాక్టీసు చేస్తోంది.

"కప్పు ఎవరిదన్నా?" అంటాడు టీ తెచ్చే పన్నీర్.
ఇరవై రెండేళ్ళలో ఒక్క ఆటా చూడలేదు నేను.
స్టేడియం గోడ ఇక్కడికి రాయి విసిరే దూరం.
అరుపు వినపడుతుంది,
ఎవరి కోసమో వినపడదు.
కానీ ఎనిమిది జట్ల ఛాతీలు నా పుస్తకంలో ఉన్నాయి.

కోయంబత్తూరు వాళ్ళు వీపున పేర్లు కూడా వేయించారు,
వెండి దారంతో.
కొలుస్తుంటే అందరూ ఊపిరి బిగబట్టారు,
ఉన్నదానికన్నా పెద్దగా పడాలని.
బిగబట్టిన ఊపిరి నాలుగో క్వార్టర్‌లో వదలక తప్పదు.
సెమీస్ దాకా వస్తారు. అక్కడే.

తూత్తుకుడి పిల్లలకి నడుములు లేవు, భుజాలే.
వాళ్ళ కెప్టెన్ ఫెలిక్స్ చేతులు చాపితే
నా టేపు అయిపోయింది,
మిగతాది జానతో కొలిచాను.
రీబౌండ్లన్నీ వాళ్ళవే, రాసిపెట్టుకోండి.
అయితే ఆ వేళ్ళు సన్నగా వణికాయి.
ఎవరూ అడ్డం లేనప్పుడు వణికే చేతులు
ఫ్రీ త్రో గీత దగ్గర ఏం చేస్తాయో.

మదురైకి డ్రా కలిసొచ్చిందంటున్నారు.
వాళ్ళ కోచ్ ఐదు రంగులు మార్చి
మళ్ళీ మొదటి రంగుకే వచ్చిన మనిషి.
ఆయన టైమవుట్లు ముందే అయిపోతాయి.

తంజావూరు, సేలం, ఇంకో రెండు... ఏమో.
కొలతలు ఫోన్లో పంపారు.
మనిషిని చూడకుండా జోస్యం చెప్పను.

వ్యాసర్‌పాడి కార్పొరేషన్ స్కూలు కొత్తవి కుట్టించలేదు.
పోయినేటి ఎర్ర జెర్సీలే మూటగట్టి తెచ్చారు.
"పక్క కుట్లు విప్పండి మాస్టర్, పట్టట్లేదు"
అన్నాడు తొమ్మిదో నంబరు ఎళిలన్.
విప్పాను. లోపల మడిచిన అంగుళం గుడ్డ
ఏడాదిగా ఎండ తగలక కొత్త ఎరుపులో ఉంది.
పదకొండు మందికీ ఆ అంగుళం మొత్తం వదిలేశాను.
పన్నెండోది, పదమూడో నంబరుది,
ఎవరూ తొడిగి చూపలేదు.
"వాడు పనికెళ్తున్నాడు. వస్తాడో రాడో"
నేల చూస్తూ అన్నారు.
ఒక పక్క విప్పి దాన్నలా ఉంచాను.

నా జోస్యానికి శాస్త్రం ఒక్కటే.
పోటీల రాత్రుల్లో చిరుగులు పట్టుకొచ్చేది గెలిచినవాళ్ళే.
చంకల్లో, మెడ దగ్గర, ఎవడో లాగిన చోట.
మర్నాటికి మళ్ళీ కావాలి కదా.
ఓడినవాళ్ళ చిరుగు ఎగ్మూరులో రైలెక్కుతుంది.
ఊళ్ళో ఎవరో చేతిసూదితో వేస్తారు, లేదా వేయరు.
ఫైనల్ ముందు రాత్రికి
నా ముందు రెండే రంగులు మిగులుతాయి.

పోయినేడు ఆకుపచ్చ అనుకున్నాను, నీలం వచ్చింది.
అంతకుముందేడు నీలం అనుకున్నాను,
ఆ రాత్రి కరెంటు పోయి
కొవ్వొత్తి వెలుగులో ఏ రంగుకి ఏ దారం వేశానో
దేవుడికే తెలియాలి.

గ్లాసు కోసం పన్నీర్ మళ్ళీ వచ్చాడు.
"తేల్చన్నా, పందెం కాయాలి."
తూత్తుకుడి, అన్నాను.
వాడు వానలో మలుపు తిరిగేదాకా చూసి
బాబిన్ తీశాను.
ఎర్ర దారం, నిండుగా చుట్టుకున్నాను.
ఆ తర్వాత కత్తెర మొన వెతికి
పదమూడో నంబరు
రెండో పక్క కూడా విప్పాను.