పది అక్షరాలే పడతయి

ఈ డబ్బా తయారుచేసుడు బందువెట్టి పదకొండేండ్లాయెనట.
హైమా బజార్ల సెల్‌ఫోన్ల దుకాణం షఫీకుల్
దాన్ని అరచేతిల పెట్టుకొని
చచ్చిన పిట్టను చూసినట్టు చూసిండు.
"చేసినోళ్లే మరిచిపోయిండ్రు భాయ్,
నువ్వెందుకు యాదిపెట్టుకున్నవ్?"

నేను నీళ్ల ట్యాంకర్ నడుపుత.
తారు రోడ్డు ఒడిసినంక
నూట నలభై కిలోమీటర్లు టైర్ల జాడలే రోడ్డు,
గాలి లేస్తే అవీ ఉండయి.
ఫోన్‌ల మ్యాపు
సిగ్నలున్నకాడ్నే తెలివిగలది.
దీనికి రెండు పెన్సిల్ సెల్లులు,
మీద ఇంత ఆకాశం. చాలు.

కని లోపట మ్యాపు లేదు.
తెల్లటి తెర, నడుమ నల్లటి బాణం.
అదే నేను.
ఎటు తిరిగితే అటు తిరుగుతది,
చుట్టు ఏమున్నదో మాత్రం చెప్పది.

మ్యాపు కోసం తిరగని కొట్టు లేదు.
నిజ్వాల ముసలి రేడియో మెకానిక్
ఏం చేయలేక చాయ్ తాపిండు.
ఇబ్రీల ఒకడు కొత్తది కొనుక్కోమన్నడు,
ధర విని
మూడు నెలల జీతం ఏళ్ల మీద లెక్కవెట్టుకుంట బయటికొచ్చిన.
సలాలా పోయే లారీ ఆయనకు చీటి రాసిచ్చిన,
మోడల్ నంబరు, వెనుక స్టిక్కరు మీది గీతలతో సహా.
ఆయన ఆ చీటిని మడిచి
పండ్ల సందులు కుట్టుకున్నడని తరువాత తెలిసింది.

ఆఖరికి షఫీకుల్ కాడ్నే,
బిస్కిట్ డబ్బల పాత సిమ్ముల కింద
గోరంత కార్డు ఒకటి దొరికింది.
పెట్టి చూస్తిమి.
ఫిన్లాండట.
బాణం ఉన్నకాడ ఎప్పటి తెలుపే.
బటను నొక్కి నొక్కి ఉత్తరానికి పోంగ పోంగ
తెర నిండ చెరువులు.
చెరువు పక్కన చెరువు,
చెరువుల కడుపుల చిన్న చెరువు,
నోరు తిరగని పేర్లు.
ఇద్దరం ఒకలి మొకం ఒకలం చూసుకున్నం.
బయట నా ట్యాంకర్ మూతి కాడ
బొట్టు బొట్టు కారుతున్నది.

"ఒమన్‌ది కూడ ఎక్కియ్యొచ్చు, మస్కట్ల మావోడున్నడు.
కని లోపటిదంతా తుడిస్తెనే ఎక్కుతది" అన్నడు.
లోపటేమున్నదని నొక్కుకుంట పోయిన.

రాజేశమన్న గుర్తులు.
నాకన్న ముందు ఈ బండి నడిపినోడు,
మెట్‌పల్లి దిక్కు మనిషి.
ఒక్క గుర్తుకు పది అక్షరాలే పడతయి.
ఇంగ్లిషు అక్షరాలల్ల మన మాటను
గోనెసంచిల కుక్కినట్టు కుక్కిండు:
మోసపుఇస్క.
రెండుతుమ్మ.
సయీద్‌బాయి.
కుక్కుంటది.
ఫోన్‌కలుస్
(అక్కడికి జాగ అయిపోయింది).
నవ్విన.
అంతే. ఎందుకో లేదు.

అరవై మూడు గుర్తులు.
షఫీకుల్ వేలు అప్పటికే బటను మీదున్నది.
ఆగుమన్న.

శుక్రవారం కూసోని
సిమెంటు సంచి కాయితం మీద రాసుకోబోయిన.
ఇరవయ్యోది రాసేటప్పటికి చెయ్యి వణికింది.
ఒక్క అంకె తప్పితే
సయీద్ బాయి పదకొండు కిలోమీటర్లు జరుగుతది.
కాయితం మడిచి సీటు కింద పెట్టిన.
మ్యాపు వద్దన్న.

ఒక పగటీలి, ట్యాంకర్ ఖాళీ అయినంక,
డీజిలు దండుగని తెలిసీ
బాట ఇడిచి తొమ్మిది కిలోమీటర్లు పోయిన.
'నవ్విన' కాడ బాణం ఆగింది.
దిగి చూసిన.
చినిగిన టైరు తొక్క. గరుసు. ఎండ.
చుట్టు ఒక తిరుగుడు తిరిగిన.
నవ్వొస్తదేమో అని కాసేపు నిలబడ్డ కూడ.

'ఫోన్‌కలుస్' కాడికొచ్చి ఆయనకు చేసిన.
"నవ్విననా? ఏమో తమ్మీ, యాదికొస్తలేదు.
ఏదో అయ్యుంటది."
అవతల కుట్టుమిషన్ చప్పుడు.
మాట అయిపోయిందనుకొని పెట్టేయబోతుంటే
"ఆ కుక్క ఉన్నదా?" అన్నడు.

రెండేండ్లల ఒక్కసారి కూడ చూడలేదు దాన్ని.
ఉన్నదన్న.
డబ్బాల ఉన్నది గద.