క్వార్టర్ అప్పజెప్పే ముందు

ఆఫీసు కాయితంల ఉన్నయన్నీ సరిచూసి ఇచ్చిన:
ఫ్యాన్లు రెండు, బల్బు హోల్డర్లు ఐదు,
వాకిలి తలుపుకు గొళ్లెం ఒకటి, జర వంగింది.
ఎర్రగన్నేరు ఆ కాయితంల లేదు.
కాయితంపూల చెట్టు సుత లేదు.
అందుకే నీకు వేరేగా రాస్తున్న తమ్మీ,
నీ పేరు నాకింకా తెల్వదు.

గోడపక్క గన్నేరుకు పెద్ద పనేం లేదు.
ఓపెన్‌కాస్టుల పగటీలి బ్లాస్టింగు కొడితే
ఎనిమిదింక్లైన్ కాలనీ అంతా కిటికీలు వణుకుతయి,
అది వణకదు.
ఆకుల మీద బొగ్గుదుమ్ము పేరుకుంటే
నాలుగు దినాలకోసారి చెంబెడు నీళ్లు చల్లు.
మొదటి నీళ్లు నల్లగా కారుతయి, బెదరకు,
నా బనీను పిండినా గట్లనే కారేటియి.
మేకలు ముట్టవు. పాలు విషం.
పిల్లలుంటే చెప్పిపెట్టు,
పుల్ల నోట్ల పెట్టొద్దని.
కొట్టిన కొమ్మలు పొయ్యిలకు వద్దు,
పొగ సుత మంచిది కాదు.

కాయితంపూల సంగతి వేరే.
మొండిఘటం.

నేను పంపు ఆపరేటర్ను.
ముప్పై నాలుగేండ్లు భూమి కిందికి దిగి
ఊరిన నీళ్లు ఊరినట్టు తోడి వాగుల పారబోసిన.
పైకొచ్చి చూస్తే నల్లా దినం తప్పి దినం.
మా నర్సవ్వ బిందెలు లెక్కపెట్టుకుంట కూసునేది.
అన్ని నీళ్లు ఆగం చేసిన చేతులాయె,
ఒక్క మొక్కకన్న కడుపునిండ పోద్దామనుకున్న.
స్నానం నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు,
నర్సవ్వ కండ్లుగప్పి మంచినీళ్లు సుత.
గోడెక్కింది, తీగలేసింది,
వీధంతా నీడైంది.
ఒక్క పువ్వు లేదు.

ఆ ఏడు ఎండకాలం గనిల కాలు జారి
కరీంనగర్ దవాఖానల ఇరవై రెండు దినాలున్న.
చెట్టు ముఖం చూసినోళ్లు లేరు.
కట్టుకాలుతోని ఆటో దిగి చూస్తే
ఆకు కనబడుత లేదు,
గోడ పొడుగునా రాణిరంగు మంట.
"నువ్వు లేకుంటెనే మంచిగున్నది" అన్నది నర్సవ్వ.
నవ్విన. కాలు కలుక్కుమన్నది.

అప్పటిసంది ఇదే లెక్క:
ఆకులు వాలేదాక ఆగు,
వాలినంక పొయ్యి, మళ్లీ ఆగు.
ఎరువు పిడికెడు చాలు.
ముండ్లున్నయి, గనిల గ్లౌజులు పాతయి
బాత్రూం మీద రెండు జతలు ఇడిసిపెట్టిన.

ఇంకో మాట.
నువ్వొచ్చేటాలకు రెండూ మోడుల్లెక్క కనబడతయి.
నిన్న నేనే కొట్టిన, మోకాలెత్తుకు.
ఇల్లు పోతున్నదని కోపానికి కొట్టిండనుకోకు.
మే నెల పోకముందే కొట్టాలె,
తొలకరి పడంగనే కొత్త చిగురు దబదబ వస్తది,
ఆ చిగురు కొసకే పువ్వు.
నేను చూసేది కాదు అది.
కొట్టేటప్పుడు కత్తెర రెండుసార్లు కింద పెట్టిన,
అంతే.

పెన్సిలంత లావు పుల్లలు మూడు
తడి గోనెగుడ్డల చుట్టి తీస్కపోతున్న.
హసన్‌పర్తిల కిరాయి గది, పైన డాబా,
పెయింటు డబ్బాలకు అడుగున బొక్కలు కొట్టి పెట్టిన.
బస్సుల నర్సవ్వ ఒళ్లె పెట్టుకుంటనన్నది.
మూడిట్ల ఒకటి బతుకుతదేమో.
దానికి మాత్రం నీళ్లు పొయ్యనియ్యదట నన్ను.

నల్లా పొద్దుగాల ఐదింటికి.
గొళ్లెం ఊకె పడదు,
తలుపును జర పైకి లేపి గుంజు.