పైకప్పులో కీచు

మెడలో వేసిన కార్డు మీద నా పేరులో
ఒక హెచ్ తగ్గింది.
భూమయ్య కాస్తా బూమయ్య.
సరిచేయమని అడగలేదు.
పని పోయినవాడికి అక్షరం పోతే ఎంత.

మస్కట్. అల్ ఖువైర్‌లో హోటల్, మూడో అంతస్తు.
ఏసీలు, కోల్డ్ స్టోరేజీల పనివాళ్లు
నెలకోసారి కలుస్తారట.
రూమ్మేట్ పోరు పడలేక వచ్చాను.
ఇస్త్రీ చొక్కా అతనిదే.
బూట్లు మాత్రం నావి,
ఎడమదాని అడుగున పాత సైటు తారు ఇంకా వదల్లేదు.
వీసాకి ఇరవై ఆరు రోజులు.

రువీలో జిరాక్స్ షాపువాడు
రియాల్‌కి ఇరవై విజిటింగ్ కార్డులు కొట్టిచ్చాడు.
పేరు కింద ఏం వేయమంటావన్నాడు.
ఆలోచించి, ఫోన్ నంబరే
పెద్దగా వేయమన్నాను.

లోపల అందరికీ అందరూ తెలిసినట్టే ఉన్నారు.
గుంపు గుంపుకీ వీపులే గోడ.
ఆకలి లేకున్నా సమోసా ప్లేటు పట్టుకున్నాను,
చేతులకైనా ఒక ఉద్యోగం ఉండాలి కదా.
మంటలొస్తే ఎటు పరుగెత్తాలో చెప్పే పటాన్ని
రెండుసార్లు చదివాను.
మంటలు రాలేదు.

ఇక పోదామని ప్లేటు దించుతుంటే
పైన, జిప్సం పలకల వెనక
చిన్న కీచు.
ఆగి, మళ్లీ కీచు.
పద్దెనిమిదేళ్లుగా నాకు అన్నం పెట్టిన భాష.
తల దానంతటదే లేచింది.

హాలు అవతల ఇంకో తల కూడా లేచింది.
తెల్ల తలపాగా, నెరిసిన గడ్డం,
నోటి దగ్గర ఆగిపోయిన ఖర్జూరం.
నూరుమంది మాట్లాడుతున్న గదిలో
విన్నది ఇద్దరమే.

ఆయనే నడిచొచ్చాడు.
ఏ ఊరు, ఏ కంపెనీ, ఏమీ అడగలేదు.
వేలు పైకి చూపి "బేరింగ్" అన్నాడు.
"కాదు సార్, బెల్టు."
"బేరింగ్."
"బేరింగైతే ఆగదు సార్. ఇది ఆగి ఆగి ఏడుస్తోంది."
కళ్లు మూసుకుని
మెతుకు పట్టి చూసినట్టు ఆ చప్పుడు పట్టి చూశాడు.
ఖర్జూరం గింజ టిష్యూలోకి ఊసి
"బెల్టే" అన్నాడు.
ఓడిపోయి అంత సంబరపడే మనిషిని
నేను అంతవరకు చూడలేదు.

ముతసిమ్. సూడాన్, అత్బరా ఊరు.
ముప్పై ఏళ్లుగా ఇక్కడి చేపల గోదాములకి చలి పుట్టిస్తున్నాడు.
నా మోచేయి పట్టుకుని గుంపు గుంపుకీ తిప్పాడు.
"ఇతని చెవి చూడండి" అన్నాడు, అంతే.
నా చదువు ఎత్తలేదు, నా ఖాళీ ఎత్తలేదు.
వీపులు తలుపుల్లా పక్కకి జరిగాయి.
పెషావర్ జర్గుల్ కుర్చీ లాగి వేశాడు.
సొహార్ నుంచి వచ్చిన ఇంజనీరమ్మ రహ్మా
బ్యాడ్జీ చదివి, అసలు పేరెలా పలకాలంది.

భూ.
ముగ్గురూ పెదాలు బిగించి ప్రయత్నించారు.
బూ. బు. ఫూ.
పొట్టలోంచి రావాలన్నాను.
జర్గుల్‌కి వచ్చింది.
నాకూ వచ్చింది, చాలా రోజులకి, నవ్వు,
అక్కణ్ణుంచే.
రహ్మా పెన్ను తీసి
బీ పక్కన హెచ్ ఇరికించింది.

ఉద్యోగమా? ఇంకా లేదు.
నాలుగు నంబర్లున్నాయి.
ఆదివారం పొద్దున ఏడింటికి
బర్కా గోదాముకి రమ్మన్న మాట ఒకటుంది.
జేబులో ముతసిమ్ కుక్కిన ఐదు ఖర్జూరాలు
బస్సు రువీ చేరేసరికి రెండయ్యాయి.

నిచ్చెన ఇమ్మంటే హోటల్ మేనేజరు ఇవ్వలేదు.
కీచు అక్కడే ఉండుంటుంది.
వచ్చే నెలదాకా దాన్నెవరూ బాగుచేయకపోతే బాగుండు.
సమోసాల దగ్గర
ఎవడో ఒకడు ప్లేటు పట్టుకుని నిలబడే ఉంటాడు.
వాడు తల ఎత్తాలి.
ఈసారి ఇవతలి నుంచి
నేను చూస్తుంటాను.