మొదటి నీళ్లు

ఏనుమాముల మార్కెట్ గోడకు నాలుగిండ్ల అవతల మా బంగ్ల.
మాఘం మొదలు ఎండలు ముదిరేదాక
తేజ మిరప బస్తాలు దించినప్పుడల్ల
గాలి మా మీదికెల్లి తుమ్ముకుంట పోతది.
ఆరేసిన చీర దులిపితే కండ్లు మండుతయి.
పత్తి పోగు ఒకటి డిష్ తీగకు చిక్కి
ఏడాదంత అక్కడనే ఊగుతది.

అయినా మిరుగం నాడు మొదటి చినుకు పడంగనే
మా అత్త కొమురమ్మ చెంబు పట్టుకొని ఉరికింది.
"మొగులు నీళ్లకు మైల ఉంటదా బిడ్డా?"
గొట్టం కింద దోసిలి పట్టి మొహం కడిగి
కెవ్వున అరిసింది.
ఆ పూటంత ఆమె కంట్ల మండింది
ఎక్కడి రైతో అమ్ముకొని పోయిన పంట.

ప్లంబర్ యాకయ్య కథ విని నవ్విండు గని
పని మాత్రం నవ్వకుంట చేసిండు.
దిగే గొట్టం పక్కన నిలువు గొట్టం ఒకటి,
అండ్ల మా చిన్నోడి ప్లాస్టిక్ బంతి.
దుమ్ము, కారం, పావురాల రెట్ట మోసుకొచ్చే
మొదటి నీళ్లు అండ్లకే పోవాలె.
నిండినంక బంతి తేలి మూతి మూస్తది,
వెనుకొచ్చినయి ఇసుక దాటి, బొగ్గు దాటి సంపుల పడుతయి.
చిన్నోడు మూడు రోజులు నాతోని మాట్లాడలే.

ఆరుద్రల సంపు నిండింది.
కందిపప్పు రెండు విజిల్లకే మెత్తబడ్డది,
బోరు నీళ్లతోని ఐదు కూతలు కూసినా పలుకే.
సబ్బు ఇంత రుద్దితే అంత నురుగు.
తలంటుకున్న మా ఆడబిడ్డ జడ
దువ్వెనకు దొరకకుంట జారింది.
"ఇగ తాగుదాం" అన్నది అత్త.

ఆగుమన్న.
ఆశా వర్కర్ రజియా ఇచ్చిపోయిన చిన్న సీసల
గీత దాక నీళ్లు పోసి
పొయ్యి పక్క గూట్లె పెట్టిన.
తెల్లారి చూస్తె
సీస నల్లగ, కాటుక బరిణె లెక్క.

ఎవ్వలం ఏం అనలే.
అడుగున పడ్డ రూపాయి బిళ్ల మీద
అచ్చు కనవడేటంత తేట నీళ్లు అవి.

నిచ్చెన వేసుకొని ఎక్కి చూసిన.
ట్యాంకు నీడకు పుల్లలు, ఈకలు,
రెండు తెల్లటి గుడ్లు.
వాన మా కప్పు మీద ఏముంటే అది
తక్కువ తూగకుంట తెచ్చి ఇచ్చింది.
మార్కెట్ల కాంటాల కన్న అదే నయం.

"పిల్లలు ఎగిరేదాక ఆ మూల కడగకు" అన్నది అత్త.
గట్లనే కానియ్యిమన్న.
అందుకే శ్రావణం దాక ఈ నీళ్లు
బట్టలకు, బాసండ్లకు, మసిలే పప్పుకు;
తాగేదానికి నల్లా వచ్చేదాక ఎదురుచూపే.

నిలువు గొట్టం అడుగున మూత తిప్పి
ఆ ఎర్ర నీళ్లు బకెట్ల పట్టుకుంటది అత్త,
కరివేపాకు చెట్టు మీద చిలకరిస్తది.
ఈ యేడు దానికి పురుగు రాలే.

పావురం పోయింది. మూల కడిగిన. సంపుల మందు కలిపిన.
గూట్లె రెండో సీస ఉన్నది,
పలుచటి చాయ రంగు,
నడిజాముకు లేచి లైటేసి చూసిన,
ఇంకా చాయ రంగే.
అత్త కూడ లేచే ఉన్నది.