చివరి గడి

నక్కలగుట్టలో కంటి దవాఖాన మెట్ల కింద
నా కౌంటరు.
ఒక కంప్యూటరు, మూలుగుతున్న ప్రింటరు,
గోడకు ధరల పట్టిక.
పైన వాళ్లు కళ్లు చూస్తారు.
నేను కాగితాలు చూస్తాను.

హెచ్ పదకొండు, చుక్క, సున్నా, ఐదు:
కంట్లో పెరుగుతున్న కండ.
ఆ తర్వాత ఒక్క గడి ఉంటుంది.
కుడికన్నైతే ఒకటి, ఎడమైతే రెండు,
రెండు కళ్లకూ అయితే మూడు,
ఏ కన్నో రాయడం డాక్టరు మరిచిపోతే తొమ్మిది.
తొమ్మిది వేస్తే కంపెనీ పైసలియ్యదు.

ఈ రోగం పేరుకు గ్రీకు భాషలో రెక్క అని అర్థమట.
ట్రైనింగులో చెప్పారు, పరీక్షలో అడగలేదు.
ముక్కు పక్క తెల్లగుడ్డు మీద మొలిచి
నల్లగుడ్డు దిక్కు జరిగే ముక్కోణపు పొర,
ఉసిళ్ల రెక్కంత,
సన్నటి నెత్తురు ఈనెలతో.

ఓదెలు కంట్లో అది మూడు మిల్లీమీటర్లు.
బొంతల ఓదెలు, యాభై రెండు, మగ,
వృత్తి అన్న చోట 'ఇతరములు'.
ఎనుమాముల యార్డులో హమాలీ అని రాద్దామంటే
జాబితాలో ఆ మాట లేదు.
ఇరవై తొమ్మిది ఎండాకాలాలు
తేజ మిర్చి, చపాటా మిర్చి
వీపు మీద మోసినవాడు.
సీజన్లో ఆ యార్డు పక్కనుంచి బస్సు పోతేనే
కిటికీలు మూసుకుంటాం మనం.
రెక్కాడితే గాని డొక్కాడని మనిషికి
కంట్లో కూడా ఒక రెక్క.
ఎందుకొచ్చిందని అడిగే గడి కోసం వెతికాను.
ఎండ, దుమ్ము, కారం...
స్క్రీను అడగలేదు. నేనూ చెప్పలేదు.

కోత అయింది. అతుకు అయింది:
పై రెప్ప చాటు నుంచి పొర తీసి
ఖాళీ అయిన చోట అంటించారు.
అతుకుకు వేరే అంకె, వేరే ధర,
జిగురు పైసలు విడిగా.
హమాలీ సంఘం పాలసీకి పంపాను.

పదకొండో రోజు తిరిగొచ్చింది:
'రోగం కుడికంటికి, ఆపరేషన్ ఎడమకంటికి.
తిరస్కరించడమైనది.'
దాని కిందనే ఇంకో ప్రశ్న:
'ఇది అందం కోసం చేయించుకున్నదా?'

రెండు కొట్టాల్సిన చోట నా వేలు ఒకటి కొట్టింది.

అప్పటికే ఆయన మూడుసార్లు వచ్చిపోయాడు.
మూడు దినాల కూలి.
పచ్చద్దాలు, మెడలో తువ్వాల,
కుర్చీ చూపిస్తే కూర్చోడు.
ఎలా చెప్పాలో పొద్దటి నుంచి మాటలు పేర్చుకుంటున్నాను.
ఎట్లా పేర్చినా తప్పు కంపెనీ మీదికే పోతోంది.
చివరికి అన్నాను:
"కాకా, ఒక అంకె తప్పు కొట్టిన. నేనే."

ఆయన కౌంటరు మీద మోచెయ్యి ఆనించాడు.
"పోయిన మాఘంల, బిడ్డా,
చీటి మీది ఏడును ఒకటనుకున్న.
నలభై బస్తాలు ఇంకో అడ్తి ముంగట దించిన.
అన్నీ మళ్ల మోసిన, ఊకెనే.
నాకంటే కన్ను మసకుండె.
నీకేమాయె?"

నాకేమీ కాలేదు. నా రెండు కళ్లూ బాగానే ఉన్నాయి.

సరిచేసి పంపాను.
అందం ప్రశ్నకు డాక్టరమ్మ మిల్లీమీటర్లు రాసింది.
నేనైతే ఆ ఏడూ, ఒకటీ, నలభై బస్తాలూ రాద్దామనుకున్నాను.
జవాబుకు రెండు వందల అక్షరాలే చోటు.

పైసలు పడ్డ దినం సంతకం పెడుతూ అడిగాడు:
"మళ్ల మొలుస్తదా గిది?"
మొలవొచ్చు అన్నాను.
ఎండలో నల్లద్దాలు పెట్టుకో అన్నాను.
నల్లద్దాలతోని బస్తా మోస్తే
యార్డంత నవ్వుతరు గదా అని
ముందు తనే నవ్వాడు.
ఎడమ కన్ను ఇంకా కొంచెం ఎర్రగా ఉంది.

ఒకటి చెప్పలేదు నేను.
తిరిగి మొలిచే రెక్కకు
అంకె ముందే ఉంది పుస్తకంలో.
ఐదు తీసేసి ఆరు.
ఆ తర్వాత, మళ్లీ, ఒక్క గడి.